గడియ వేయని తలుపులు

ఒక దేశమున ప్రజలు ఎంత నిర్భయముగా జీవించుచున్నారో తెలిసికొనగోరువారు నేరముల లెక్కలను పరిశీలింతురు. అంతకంటె సులభమైన పరీక్ష మరియొకటి కలదు. రాత్రి పది గంటలు దాటిన పిమ్మట ఆ దేశపు వీధులలో ఎవరెవరు కనిపించుచున్నారో చూడవలెను. యువకులు మాత్రమే కనిపించినచో చెప్పుకొనదగినదేమియు లేదు. వారు ఎచటనైనను తిరుగుదురు. చేతికఱ్ఱ పట్టుకొన్న వృద్ధులు, చంటిబిడ్డలను ఎత్తుకొన్న తల్లులు, బంతి తన్నుచున్న పదేండ్ల బాలురు కనిపించినచో, ఆ ఊరు తన ప్రజలకు అభయమిచ్చినదని చెప్పవచ్చును.

స్పెయిను దేశము ఈ పరీక్షలో సునాయాసముగా నెగ్గును. వేసవిలో పగటి యెండ తీవ్రముగా నుండుటచే అచటి జనజీవనము చాలవరకు రాత్రివేళకు జరుగును. ప్లాజా యనబడు ఊరి నడిమి బయలులో తాతలు, మనుమలు ఒకేచోట చాల ప్రొద్దుపోవువరకు కాలక్షేపము చేయుచుందురు. ఏటేట హత్యకు గురియగువారి సంఖ్య లక్ష జనాభాకు ఒకటికంటె తక్కువ. ఐరోపా ఖండమున మిక్కిలి తక్కువ సంఖ్యలలో ఇది యొకటి. అయినను ఆ దేశపు నగరవాసులు జేబులు తడుముకొనుచునే నడతురు. పల్లెవాసులు తలుపులకు గడియ వేయకయే దిగులుపడుచుందురు. ఈ వైచిత్ర్యమునకు కారణమేమి? భద్రత యను మాటకు నిజమైన అర్థమేమి? స్పెయిను చరిత్రయు, వర్తమానమును ఈ ప్రశ్నలకు కొంత సమాధానము నొసగుచున్నవి.

దారిదొంగలు – రక్షకభటులు

నేటి నిర్భయత్వము ఆ దేశమునకు అనాదిగా వచ్చిన సొత్తు కాదు. 1808 నుండి 1814 వరకు నెపోలియను సైన్యములతో జరిగిన యుద్ధము దేశమును కృశింపజేసెను. ఆ తరువాత దక్షిణ మార్గములలో దారిదోపిడి ఒక వృత్తియయ్యెను. సియెర్రా మొరేనా కొండల కనుమలు దాటవలసిన బాటసారులు ప్రాణములు అరచేత పట్టుకొని పోవుచుండిరి. ఆ దొంగలలో ప్రసిద్ధుడు ఎల్ తెంప్రనీయో యను మారుపేరు గల హోసే మరియా. వానిని పట్టలేక రాజు 1832లో క్షమాభిక్ష నొసగి, తక్కిన దొంగలను పట్టు పనికే నియమించెను. ఆ కొలువులో నుండగనే, 1833లో, అతడు హతుడయ్యెను.

1844లో అహుమాదా ప్రభువు నేతృత్వమున గ్వార్దియా సివిల్ అను రక్షకదళము ఏర్పడెను. ఆ భటులు ఇద్దరిద్దరుగా పల్లెదారులలో గస్తీ తిరుగుచుండిరి. తమ భార్యాబిడ్డలతో ఠాణాలోనే కాపురముండుట వారి ఆచారము. క్రమక్రమముగా బాటలు నిరపాయమైనవి. నేటికిని గ్రామసీమల రక్షణభారము చాలవరకు ఆ దళమునదే. నగరములలో ఆ పనిని జాతీయ పోలీసులు, పురపాలక పోలీసులు చూచుచుందురు. కాటలోనియా, బాస్క్ ప్రాంతములకు వేరుగ తమ తమ పోలీసు దళములు కలవు.

అయితే ఒకే వస్తువు అందరికిని ఒకే రీతిగా కనిపింపదు. ఆ భటుల మూడంచుల టోపీని చూచి భూస్వామి నిశ్చింతగా నిదురించెను. భూమిలేని కూలివాడును, సంచారజీవియగు జిప్సీయు దానినే చూచి దీపమార్పి ఒదిగియుండిరి. మహాకవి ఫెదెరికో గార్సియా లోర్కా 1928లో వెలువరించిన గీతసంపుటిలో ఈ దళమును గూర్చిన గాథ యొకటి కలదు. జిప్సీల కన్నులతో చూచినప్పుడు ఆ భటులు ఎంత భయంకరులుగా నుండిరో అది తెలుపును. ఒకరికి రక్షణయైనది మరియొకరికి భీతియగుట చరిత్రలో క్రొత్త కాదు. భద్రతను కొలుచునప్పుడు అది ఎవరి భద్రతయని అడుగుట అందుచే అవసరము.

తాళపుచెవుల గుత్తి

నగరములలో రాత్రి కాపలాకు మరియొక చక్కని యేర్పాటు ఉండెడిది. 18వ శతాబ్దము నుండి సెరేనో యను కావలివాడు చేత దీపముతో, కఱ్ఱతో వీధులు తిరుగుచు గంటగంటకు వేళను, వాతావరణమును గొంతెత్తి చాటుచుండెను. ఆకాశము నిర్మలముగా నున్నదని చెప్పు మాటయే వానికి పేరైనది. తరువాతి కాలమున వీధిలోని మేడల తలుపుల తాళపుచెవులన్నియు వాని గుత్తిలో నుండెడివి. ప్రొద్దుపోయి ఇల్లు చేరిన గృహస్థుడు వీధిలో నిలిచి చప్పట్లు చరచును. సెరేనో ఎచటనుండియో బదులు పలికి, వచ్చి తలుపు తీయును. ఎవరు ఎవరింటివారో, ఎవరు కొత్తవారో వానికి తెలియును. ఆ వీధివారు ఇచ్చు బహుమానములే వానికి జీవనాధారము.

1970ల నాటికి తలుపులకు విద్యుత్ గంటలు, మాటాడు యంత్రములు అమరెను, సెరేనోలు కనుమరుగైరి. యంత్రము తలుపు తీయగలదు. కాని వచ్చినవాని ముఖము చూచి ఒంట్లో బాగున్నదా యని అడుగజాలదు. ఈ మార్పును ముందున్న కథకు పీఠికగా పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక.

1939 నుండి 1975 వరకు సాగిన ఫ్రాంకో నిరంకుశ పాలనలో వీధులు మిక్కిలి ప్రశాంతముగా నుండెనని చెప్పు వృద్ధులు నేటికిని కలరు. ఆనాడు పత్రికలపై సెన్సారు ఉండెను. భిన్నాభిప్రాయము గలవారు అర్ధరాత్రి తలుపు చప్పుడైనచో ఉలికిపడుచుండిరి. దానిని శాంతి యనుటకంటె నిశ్శబ్దమనుట సమంజసము. ఆ పాలన ముగిసి ప్రజాస్వామ్యము వచ్చిన తొలి దశాబ్దమున దేశమునకు మరియొక ఉపద్రవము సంభవించెను. హెరాయిన్ అను మత్తుమందు నగర శివారులలో వ్యాపించి వేలకొలది యువకులను బలిగొనెను. కత్తిచూపి సొమ్ము లాగికొనుట 1980లలో మాడ్రిడ్, బార్సిలోనా నగరములలో నిత్యకృత్యమయ్యెను. వైద్యము, తల్లుల ఉద్యమములు, జీవనప్రమాణముల వృద్ధి — ఇవన్నియు కలిసి ఆ జ్వరమును తగ్గించుటకు చాల యేండ్లు పట్టెను.

దానితోపాటు ఉగ్రవాదము. ఎటా అను బాస్క్ సాయుధసంస్థ ఎనిమిది వందలకు పైగా ప్రాణములను హరించెను. బాస్క్ పట్టణములలో పురపాలక సభ్యులు, న్యాయాధిపతులు ప్రతి ఉదయమును తమ కారు క్రిందికి వంగి చూచి గాని ఎక్కెడివారు కారు. 2011 అక్టోబరు 20న ఆ సంస్థ సాయుధచర్యలను విరమించి, 2018లో రద్దయ్యెను. 2004 మార్చి 11న మాడ్రిడ్ రైళ్ళలో వేరొక ముఠా అమర్చిన బాంబులు ప్రేలి 190 మందికి పైగా మరణించిరి. మరునాడు వానలో సైతము లక్షలాది జనులు వీధులలోనికి వచ్చిరి. వీధిని భయమునకు విడిచిపెట్టరాదను పట్టుదల ఆ జాతికి ఇట్టి అనుభవములవలన అలవడినది.

నగరము: పదుగురి కన్నులు

స్పెయిను నగరములలో ఇండ్లు దూరదూరముగా నుండవు. నాలుగైదు అంతస్తుల మేడలు ఒకదాని నొకటి ఆనుకొనియుండును. క్రింద రొట్టెలదుకాణము, మందులదుకాణము, కాఫీహోటలు, మీద కాపురములు. సాయంకాలమున కుటుంబమంతయు మంచి దుస్తులు ధరించి ఊరక నాలుగడుగులు వేసి వచ్చుట ఆచారము. ఈ నడకకు పసేయో యని పేరు. ఇట్టి వీధిలో ప్రత్యేకముగా కాపలా యుండనవసరము లేదు. వసారాలో నిలిచినవారు, అంగడిలో కూర్చున్నవారు, బల్లలపై ముచ్చటించువారు — అందరును తెలియకయే కావలివారు. అమెరికా రచయిత్రి జేన్ జాకబ్స్ 1961లో ప్రకటించిన గ్రంథమున నగరవీధికి రక్షణ ప్రధానముగా అచట నివసించువారి కన్నులవలననే కలుగునని ప్రతిపాదించెను. ఆ సిద్ధాంతమునకు స్పెయిను వీధికంటె మంచి నిదర్శనము అరుదు.

వాహనముల ప్రమాదమును సైతము ఆ దేశము లక్ష్యపెట్టినది. 1989లో రోడ్డు ప్రమాదములలో 9 వేలమందికి పైగా మరణించిరి. ఇటీవలి సంవత్సరములలో ఆ సంఖ్య 2 వేలకు లోపుగా నున్నది. గలీసియా ప్రాంతమునందలి పొంతెవెద్రా పట్టణము 1999 నుండి నడిబొడ్డును పాదచారులకే విడిచిపెట్టెను. అచట చిన్నపిల్లలు పెద్దల తోడు లేకయే బడికి నడచిపోగలరు. 2021 మే నెలనుండి దేశమంతటను, రాకకు ఒకటి పోకకు ఒకటిగా వరుసలున్న ఊరి వీధులలో గంటకు 30 కిలోమీటర్లు మించి వాహనము నడుపరాదను నియమము అమలులోనికి వచ్చినది.

ఇన్ని యున్నను బార్సిలోనాలో రాంబ్లా వీధిలో నడచువాడు, మెట్రోరైలు ఎక్కువాడు సంచిని గుండెకు హత్తుకొనవలసినదే. జేబుదొంగల నైపుణ్యమునకు ఆ నగరము లోకప్రసిద్ధమైనది. 400 యూరోలకు మించని దొంగతనము అచటి చట్టమున స్వల్పాపరాధము. సాధారణముగా జరిమానాయే శిక్ష. పట్టుబడినవాడు వారము తిరుగకుండ మరల అదే మెట్లపై కనిపించుచున్నాడని ప్రజలు మొరపెట్టగా, 2022లో చట్టమును సవరించి, పలుమారు శిక్షపడినవారికి కఠినదండనను విధించిరి.

నగరపాలకులు జరుపు అభిప్రాయసేకరణలలో ఇటీవలి సంవత్సరములలో పెక్కుమార్లు అభద్రతయే తమ ప్రథమ సమస్యయని బార్సిలోనా ప్రజలు తెలిపిరి. హత్యలు అరుదైన నగరమున ఈ భయమేల? చిన్న దొంగతనము ప్రాణము తీయదు గాని, మనుష్యులయందలి నమ్మకమును తీయును. అంతకంటె లోతైన కారణము మరియొకటి కలదు. నడిబొడ్డునందలి పాత ఇండ్లు అనేకము యాత్రికులకు రోజువారీ బసలైనవి. మూడు దినములకొకసారి మెట్లపై ముఖము మారుచున్నప్పుడు ఎవరు పొరుగువారో, ఎవరు పరాయివారో వృద్ధురాలికి ఎట్లు తెలియును? కన్నులున్నవి, గుర్తించు చూపు లేదు. సుమారు పదివేల యాత్రికబసల అనుమతులను 2028 నవంబరు నాటికి ముగింతుమని నగరాధ్యక్షుడు 2024లో ప్రకటించెను. అద్దెల పెరుగుదలను అరికట్టుట దాని ఉద్దేశము. కాని పొరుగును తిరిగి సంపాదించుకొను ప్రయత్నముగను దానిని చూడవచ్చును.

పల్లె: తలుపు తెరచియున్నది – వచ్చువారేరి?

ఇక పల్లెకు పోవుదము. సోరియా, తెరుయెల్ రాష్ట్రములలో చదరపు కిలోమీటరునకు పదిమంది కూడ లేరు. దేశపు సగటు తొంబదికి పైమాటయే. 1950 నుండి 1975 వరకు లక్షలాది రైతు కుటుంబములు మాడ్రిడ్, బార్సిలోనా, బిల్బావో నగరములకు తరలిపోయెను. మిగిలినవారు వృద్ధులు. వారి ఊళ్ళలో తాళపుచెవి తలుపునకే వ్రేలాడుచుండును. వేసవిలో ద్వారమునకు తెర మాత్రమే యుండును. ఉదయమున పొరుగింటి కిటికీరెప్ప పైకి లేవకున్నచో పక్కయింటావిడ వెంటనే పోయి తలుపు తట్టును. ఏ పోలీసు దళమును ఇంత శ్రద్ధగా కాపలా కాయజాలదు.

పల్లెలో దొంగలు లేరని కాదు. రాగితీగెలు, ట్రాక్టరులోని నూనె, చెట్టునున్న ఆలివుపండ్లు మాయమగుచుండును. పొలముల దొంగతనములను అరికట్టుటకు గ్వార్దియా సివిల్ ప్రత్యేక బృందములను ఏర్పరచినది. అయినను ఆ వృద్ధుల నిజమైన భయము దొంగను గూర్చినది కాదు. రాత్రివేళ గుండెనొప్పి వచ్చినచో అంబులెన్సు ఎంతసేపటికి వచ్చును? వైద్యుడు వారమునకు ఒకటి రెండు దినములే వచ్చును. బ్యాంకు శాఖ మూతపడినది. ఠాణా పొరుగూరి ఠాణాలో కలిసిపోయినది. అన్నిటికి మించి, కిటికీరెప్పను గమనింపవలసిన పక్కయింటావిడ నిరుడు పోయినది. ఆ ఇల్లు ఖాళీగా నున్నది. గడియ వేయని తలుపు అట్టి ఊరిలో అభయమునకు గుర్తు కాదు, ఒంటరితనమునకు గుర్తు.

2019 మార్చి 31న ఈ పల్లెల ప్రజలు వేలకొలదిగా మాడ్రిడ్ వీధులలో నడచి వైద్యుని, రైలును, బడిని, తంతిసౌకర్యమును కోరిరి. ఖాళీచేయబడిన స్పెయిను అను మాట ఆ ఉద్యమముతో దేశమంతట మారుమ్రోగెను. జనశూన్యత ఎంత ప్రమాదకరమో 2025 ఆగస్టులో మరింత స్పష్టమయ్యెను. దున్నువారు లేని పొలములు, మేపువారు లేని కొండలు పొదలతో నిండియుండ, వాయవ్యప్రాంతమున కార్చిచ్చు చెలరేగెను. ఆ సంవత్సరము దేశమున మూడు లక్షల హెక్టార్లకు పైగా భూమి దగ్ధమయ్యెను. అనేక గ్రామములలో ఇల్లు విడువనొల్లని వృద్ధులు నీటిగొట్టములు, కొమ్మలు చేతబట్టి మంటలతో పోరాడిరి. గొఱ్ఱెల మందయు, దానిని తోలు కాపరియు ఒకనాడు ఆ ఊరికి అగ్నిమాపకదళమని అప్పుడు పలువురకు తోచెను.

ఇంటిలోపలి భయము

వీధి ఎంత నిర్భయమైనను, తలుపు మూసిన తరువాతి మాట వేరు. 1997 డిసెంబరులో గ్రనడా సమీపమున ఆనా ఒరాంతెస్ అను అరువదేండ్ల స్త్రీ దూరదర్శనమున కనిపించి, నలుబదేండ్లపాటు భర్తవలన తాను పడిన హింసను వెల్లడించెను. విడాకులు మంజూరైనను, తీర్పు ననుసరించి ఆమె అతనితో ఒకే ఇంటిని పంచుకొనవలసి వచ్చెను. పదునాలుగు దినములు గడువకుండగనే అతడామెను సజీవదహనము చేసెను. దేశము దిగ్భ్రాంతి చెందెను. ఇరుగుపొరుగు చిరకాలముగా ఇంటి గుట్టుగా భావించి ఊరకున్న విషయము ప్రజాసమస్యయయ్యెను. 2004లో స్త్రీలపై హింసను నిరోధించు ప్రత్యేకశాసనము వెలువడెను. 016 అను సంఖ్యకు ఫోను చేసిన ఏ స్త్రీయైనను సహాయము పొందవచ్చును. ఆ పిలుపు ఫోను బిల్లులో కనిపింపదు. అయినను 2003లో లెక్క మొదలిడిన నాటినుండి భర్తల చేతను, పూర్వసహచరుల చేతను హతులైన స్త్రీలు 1,200 మందికి పైబడిరి. రాత్రి పది గంటలకు వీధిలో నిర్భయముగా నడచిన స్త్రీ, ఇల్లు చేరి భయపడవలసివచ్చినచో ఆమెకు భద్రత యున్నదని ఎట్లు చెప్పగలము?

దీపములు ఆరిన దినము

2025 ఏప్రిల్ 28న మధ్యాహ్నము పండ్రెండున్నర దాటగనే స్పెయిను, పోర్చుగల్ దేశముల ప్రధానభూభాగమంతటను విద్యుత్తు ఆగిపోయెను. రైళ్ళు పొలముల నడుమ నిలిచెను, లిఫ్టులలో జనులు చిక్కుకొనిరి, కూడళ్ళలో దీపములు ఆరెను, ఫోనులు మూగవోయెను. ఇంటిలో ఊపిరియంత్రములపై ఆధారపడిన రోగులకు ఆ గంటలు గండములైనవి. కొన్ని ప్రాణములు పోయెను. చీకటిలో మహానగరములు దోపిడీల పాలగునని ఊహించుట సహజము. కాని అట్లు జరుగలేదు. పాత ట్రాన్సిస్టరు రేడియోల చుట్టు తెలియనివారు గుమిగూడిరి. కొందరు కూడళ్ళలో నిలిచి చేతులతో వాహనములను నడిపించిరి. పై అంతస్తుల వృద్ధులకు యువకులు నీరు, భోజనము మోసికొనిపోయిరి. మరునాటి ఉదయమునకు విద్యుత్తు దాదాపు అంతటను వచ్చెను. ఆ ఒక్క రాత్రి ప్రతివీధిలోను పాతకాలపు సెరేనో మరల తిరిగినట్లయ్యెను.

ఈ వృత్తాంతములన్నియు ఒకే సూత్రమున గ్రుచ్చబడియున్నవి. నగరమున కన్నులు అనేకము, పరిచయము సన్నగిల్లినది. పల్లెలో పరిచయము గాఢము, కన్నులు మూతపడుచున్నవి. ఇంటిలోపల కన్నులును, పరిచయమును ఉండియు, నోరు మెదపనిచో ప్రాణము పోవుచున్నది. చూచువారు, గుర్తించువారు, పలుకువారు — ముగ్గురును ఒకేచోట కలిసినప్పుడే మనుష్యుడు నిశ్చింతగా నిదురింపగలడు. పోలీసు, చట్టము, తాళము ఈ ముగ్గురికి తోడుపడగలవు; వారి స్థానమును పొందజాలవు.

స్పెయిను ప్రజలు ఈ సత్యమును గుర్తించుచున్నారనుటకు రెండు చిన్న నిదర్శనములు. కాదిజ్ రాష్ట్రమునందలి అల్గార్ అను చిన్న గ్రామమున వేసవి సాయంకాలములందు ఇరుగుపొరుగులు కుర్చీలు వీధిలో వేసికొని మాటలాడుకొందురు. ఈ ఆచారమును మానవజాతి వారసత్వముగా గుర్తింపవలెనని ఆ ఊరి అధ్యక్షుడు 2021లో ప్రయత్నము ప్రారంభించెను. కోటలకు, దేవాలయములకు లభించు గౌరవమును ఒక కుర్చీకి కోరుట హాస్యముగా తోచవచ్చును. కాని ఆ కుర్చీపై కూర్చున్న ముదుసలియే ఆ వీధికి కోట.

రెండవది బడి. కొన్ని ప్రాంతములలో ముగ్గురు నలుగురు పిల్లలే యున్నను పల్లెబడిని మూయకుండ నడుపుచున్నారు. సంగీతమునకో, ఆంగ్లమునకో ఉపాధ్యాయుడు కొండదారిలో ఊరూర తిరిగి పాఠము చెప్పును. ఖర్చును మాత్రమే లెక్కించువారికి ఇది దుబారా. కాని ఉదయము తొమ్మిది గంటలకు బడితలుపు తెరచుకొనినచో ఆ ఊరిలోని వృద్ధులందరికిని ఒక ధైర్యము: ఈ దినము ఇచట పిల్లల కేకలు వినబడును, ఒకరు పడిపోయినచో పరుగెత్తుకొనిపోయి చెప్పుటకు చిన్నకాళ్ళున్నవి.